పదిహేడో నంబరు హెల్మెట్

నా తల ఇప్పటికీ నా భుజాల మీదే ఉందంటే అందులో నా ప్రయోజకత్వం ఏమీ లేదు. దాన్ని పగలగొట్టుకోవడానికి నేను నలభై రోజులపాటు, ఆదివారాలు మినహాయించి, పొద్దున ఏడున్నరకు, ఒక పద్ధతి ప్రకారం, రిజిస్టరులో సంతకం పెట్టి మరీ కృషి చేశాను. ఆ కృషి ఫలించకుండా అడ్డుపడింది మరియమ్మ అనే ఒక మనిషి. ఆ భాగోతం ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, నాకేం ఫర్వాలేదు. బేతంచెర్లలో అందరూ ఎప్పుడో నవ్వేశారు. మీకే కాస్త ఆలస్యంగా అందుతోంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిప్లొమా చేతికొచ్చి ఏడాదైంది. మా ఊరు ఆత్మకూరులో మా నాయనకు ఎండు మిరపకాయల కొట్టు ఉంది. నాకేమో మిరపకాయ బస్తా కనిపిస్తే చాలు, పదకొండు తుమ్ములు వస్తాయి. పది కాదు, పన్నెండు కాదు, లెక్కగా పదకొండు. అందుకని బేతంచెర్లలో ఒక నాపరాళ్ల గనిలో సూపర్‌వైజరుగా పిలుపు రాగానే ఎగిరి గంతేశాను. గని, దాని పక్కనే రాళ్లు కోసి పాలిష్ పట్టే షెడ్డు, రెండూ ఒకే ఓనరువి. "మూడు నెలలు చూస్తా. పనికొస్తే ఉంచుకుంటా, లేకుంటే లేదు" అన్నాడాయన. నా కళ్ల ముందు మిరపకాయ బస్తాలు కదిలాయి. ఎట్లాగైనా పనికి రావాల్సిందే అనుకున్నాను.

ఫిబ్రవరి ఆఖర్లో ఓనరు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. మూల ఒక పెద్ద అట్టపెట్టె.

"ఏమప్పా శేఖర్, సదువుకున్నోనివి కదా నువ్వు?"

"అవును సార్."

"ఏప్రిల్‌లో తనిఖీ అధికారి వస్తాడంట. ముప్పై హెల్మెట్లు తెప్పించినా. అందరి నెత్తినా ఉండాల. రోజూ పొద్దున్నే అవి బాగుండాయో లేదో సూసి రిజిస్టర్ రాయాల. పూచీ నీది. తేడా వచ్చిందంటే గని మూపిస్తారు. గని మూస్తే ఇంగ నువ్వు ఆత్మకూరు బస్సెక్కుడే."

"ఎట్లా చూడాలి సార్?" అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇప్పుడే కదా చదువుకున్నవాణ్నని ఒప్పుకున్నాను! చదువుకున్నవాడు అడుగుతాడా? "అదంతా నేను చూసుకుంటా సార్" అనేశాను. నా జీవితంలో సగం కష్టాలు ఈ వాక్యంతోనే మొదలయ్యాయి.

పెట్టెలో హెల్మెట్లతోపాటు ఒక కాగితం కూడా ఉంది. చీమలు బారులు తీరినట్టు చిన్న చిన్న అక్షరాలు. రిజిస్టరు పెట్టుకోవడానికి షెడ్డు బయట నాకిచ్చిన టేబులు ఒక కాలు పొట్టి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆ కాలి కింద దోపాను. టేబులు కదలకుండా నిలబడింది. ఈ కాగితాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పసుపు రంగు హెల్మెట్లకు ఒకటి నుంచి ముప్పై దాకా నంబర్లు వేశాను. ఒకటో నంబరు నేనే తీసుకున్నాను. పదిహేడు మరియమ్మకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి ఆమెకు. కొన్నాళ్లు గనిలో, కొన్నాళ్లు షెడ్డులో, పాతికేళ్లుగా అక్కడే పని. ఆదివారం చర్చిలో ఆమె గొంతెత్తితే కీర్తన స్టేషను దాకా వినిపించేదంటారు. హెల్మెట్ ఇవ్వగానే అందరూ ఒకసారి తలకు పెట్టి చూసి నవ్వుకున్నారు. మరియమ్మ మాత్రం రెండు చేతులతో అందుకుంది, కొంగుతో తుడిచింది, లోపలి పట్టీలు వేలితో లాగి చూసింది. ఆ చూడ్డమే అసలైన చూడ్డమని నాకు తట్టలేదు. హెల్మెట్‌కు ఇంత మర్యాదేమిటని నవ్వొచ్చింది కూడా.

సరే, పంచిపెట్టాను. బాగున్నాయో లేదో తెలుసుకోవడం ఎట్లా?

జవాబు ఆ సాయంత్రమే షెడ్డులో దొరికింది. అక్కడ ఖాజా భాయ్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. కోసిన బండలను ఏరే పని ఆయనది. చేతిలో చిన్న సుత్తి. బండను మెల్లగా తట్టి చెవి పెడతాడు. ఖంగుమంటే గట్టి రాయి, ఒక పక్కన పెడతాడు. డొల్లగా మోగితే లోపల పగులుందని ఇంకో పక్కకు నెడతాడు. పైకి ఎంత నున్నగా ఉన్న బండైనా ఆయన చెవికి దొరికిపోయేది. బేతంచెర్లలో రాయి పని తెలిసినవాళ్లంతా చేసేది అదే. నేను పావుగంట నిలబడి చూశాను. ఎంత చక్కటి పద్ధతి! రాయికి పనికొచ్చింది టోపీకి పనికిరాదా?

మర్నాడు పొద్దున అందరినీ వరసగా నిలబెట్టాను. ఖాజా భాయ్ దగ్గర ఇంకో సుత్తి అడిగి తెచ్చుకున్నాను. మొదటి హెల్మెట్ అందుకుని నడినెత్తిన ఒక్కటిచ్చాను. టక్! చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఏమీ అర్థం కాలేదు. అయినా తల పంకించి "మంచిది" అని రాశాను.

ఖాజా భాయ్ పరుగున వచ్చాడు. "అరే శేఖర్ బాబూ, ఏంది ఈ పని?"

"చెకింగ్ భాయ్. మీ దగ్గరే నేర్చుకున్నా."

"రాయి వేరే, ఇది వేరే నాయనా. రాయిని తడితే లోపల ఏముండాదో సెప్తాది. టోపీ ఏం సెప్పదు."

"మనకు వినే ఓపిక ఉండాలి భాయ్" అన్నాను. చూశారా ఆ మాట! నలభై ఏళ్లుగా రాళ్లు వింటున్న మనిషికి, వారం కిందట వచ్చినవాడు ఓపిక గురించి చెప్పాడు. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆ చూపుకు అర్థం తెలియడానికి నాకు నలభై రోజులు పట్టింది.

వారం తిరిగేసరికి నా పద్ధతి బాగా ముదిరింది. ఒక్కొక్కరు హెల్మెట్ తీయడం, ఇవ్వడం, మళ్లీ పెట్టుకోవడం ఆలస్యమవుతోందని తలల మీదే కొట్టడం మొదలుపెట్టాను. వరసగా నడుచుకుంటూ టక్, టక్, టక్. "సారూ, పళ్లు కదులుతాండాయి" అని ఒకడు మూలిగాడు. "నాకు నిన్నటి దెబ్బే ఇంగా చెవులో మోగుతాండాది" అన్నాడు రెండోవాడు. "మీ మంచికే" అన్నాను గంభీరంగా.

అంతటితో ఊరుకున్నానా? మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండకు పని ఆపేవాళ్లం. ఆ మూడు గంటలూ హెల్మెట్లను షెడ్డు రేకు మీద బోర్లించేవాణ్ని, చెమట వాసన పోతుందని. మా వేసవిలో ఆ రేకు మీద అప్పడం పెడితే కాలుతుంది. పొద్దున సుత్తి దెబ్బలు, మధ్యాహ్నం రేకు వేడి. ఆ హెల్మెట్లు నోరు తెరిచి ఏడవలేదంటే వాటికి నోరు లేక.

మరియమ్మ ఒక్కతే తలమీద కొట్టనిచ్చేది కాదు.

"నా తలకాయ నీకు సుత్తి దెబ్బకు ఇయ్యనప్పా. టోపీ చేతికిస్తా, దాన్ని కొట్టుకో."

"రూలు అందరికీ ఒకటే మరియమ్మా."

"రూలు టోపీకి గదా, తలకాయకు కాదు గదా?"

ఆమె రోజూ సంచిలోంచి పదిహేడో నంబరు తీసి ఇచ్చేది. నేను కొట్టేవాణ్ని, చెవి పెట్టేవాణ్ని, "మంచిది" అని రాసేవాణ్ని. ఆమె మళ్లీ సంచిలో పెట్టుకుని పక్కకు వెళ్లేది. రేకు మీద బోర్లించమంటే "మాయింటి కాడ ఆరబెట్టుకుంటాలే" అనేది. మొండి మనిషి అనుకున్నాను. "కొట్టొద్దప్పా, అవి పగులుతాయి" అని ఆమె నాకు నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ భద్రత మీద ఉపన్యాసం ఇచ్చాను. ఐదోసారి ఆమె చెప్పడం మానేసింది.

కొట్టడంలో అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగింది నా ఒకటో నంబరుకు. ఎవరైనా జంకితే "చూడండి, ఏమన్నా అవుతోందా?" అని నా హెల్మెట్ మీద నేనే టపటపా వాయించి ధైర్యం చెప్పేవాణ్ని.

తనిఖీ రోజు రానే వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఏడున్నరకు సుత్తి కార్యక్రమం ముగించాను. పదింటికి జీపు వస్తుందనగా మరియమ్మ నా దగ్గరకు వచ్చింది. నా తలవైపే చూస్తూ నిలబడింది.

"శేఖరప్పా, నీ టోపీ ఇట్లియ్యి. నాది పెట్టుకో."

"ఎందుకు?"

"నాది నిగనిగలాడతాండాది సూడు. నీదేమో గీతలు పడిపాయె. ఆపీసరు ముందర మా సూపర్‌వైజరు బాగా కనపడొద్దా?"

చూశాను. నిజమే, కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఈ మొండి మనిషికి కూడా నేనంటే ఎంత అభిమానం!

"మరి నీకు?"

"ఈ పొద్దు నాకు షెడ్డు బయట చీపురు పనే. గనిలోకి దిగేది నువ్వు."

నేను టోపీ మార్చుకుని బయల్దేరబోతే "ఉండప్పా" అని ఆపింది. గడ్డం కింద పట్టీ వదులుగా వేలాడుతోంది. నేనెప్పుడూ దాన్ని బిగించేవాణ్ని కాదు, చొక్కా కాలరు నలుగుతుందని. ఆమె తనే బిగించి, ఒకసారి లాగి చూసి, "ఇంగ పో" అంది. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు మా అమ్మ గుండీ పెట్టినట్టే ఉంది.

అధికారి పొడుగాటి మనిషి, తక్కువ మాటలు. ఓనరు, నేను వెంట నడిచాం. గనిలోకి దిగాక ఆయన పైకి చూశాడు. "ఆ అంచు మీద వదులు రాళ్లున్నాయే, దులపలేదా?"

"ఎక్కడ సార్? అక్కడా?" అంటూ నేను రెండడుగులు ముందుకు వేశాను. సరిగ్గా ఆ అంచు కిందికి. భద్రత నా పూచీ కదా!

పైనుంచి జామకాయంత రాయి ఒకటి దిగింది. నా నడినెత్తిన పడింది. ఆ చప్పుడు టక్ కాదు, ఖంగ్ కాదు. నా లోపలినుంచి వచ్చినట్టుంది. నిలబడ్డవాణ్ని నిలబడ్డట్టే కూలబడ్డాను. రాయి దొర్లి నా పక్కనే కూర్చుంది, కబుర్లు చెప్పుకోవడానికి వచ్చినట్టు.

ఇద్దరూ కలిసి నన్ను షెడ్డు నీడకు తెచ్చారు. అధికారి నా కళ్లలోకి చూశాడు, వేళ్లు లెక్కపెట్టమన్నాడు, పేరు చెప్పమన్నాడు. అన్నీ చెప్పాను. తలమీద చిన్న బొప్పి, అంతే. నీళ్లు తాగించారు. ఒకసారి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లమని ఓనరుతో చెప్పి, ఆయన పదిహేడో నంబరు హెల్మెట్‌ను తిప్పి చూశాడు. పైన చొట్ట పడింది. లోపలి పట్టీలు చెక్కుచెదరలేదు.

"మంచి హెల్మెట్. మనిషిని కాపాడింది. రోజూ చూస్తారా వీటిని?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది, నాకు మెప్పు కూడా దక్కేది. కానీ తలమీద రాయి పడ్డా లోపలున్న పొగరు కదల్లేదు.

"రోజూ సార్! నలభై రోజులుగా! రిజిస్టర్ చూడండి. ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉంది సార్, మన ప్రాంతపు పద్ధతి."

"అట్లాగా. చూపించు."

"మరియమ్మా, నా హెల్మెట్ ఇట్లా తే. భాయ్, సుత్తి!"

పనివాళ్లంతా చుట్టూ చేరారు. మరియమ్మ ఒకటో నంబరును వెనక దాచుకుంది. "వద్దప్పా. నామాట ఇను, ఇప్పుడొద్దు."

"ఇవ్వు మరియమ్మా, సారు చూస్తారు."

ఇచ్చింది. ఎడమచేత హెల్మెట్ పట్టుకున్నాను. అందరినీ ఒకసారి కలయజూశాను. రోజూ కొట్టేంత దెబ్బే, ఒక్కటి కొట్టాను.

సగం నా చేతిలో ఉంది. సగం అధికారి బూటు మీద పడింది.

పాలిష్ యంత్రాన్ని ఎవరో ఆపేశారు. "యా అల్లా" అన్నాడు ఖాజా భాయ్, మెల్లగా. నేను చేతిలోని సగాన్ని చూస్తూ నిలబడ్డాను. గంట కిందటి దాకా నా తలమీద ఉన్నది ఇదే. ఆ రాయి పడాల్సింది దీనిమీద. అప్పుడు తడిమి చూసుకున్నాను నా తల. రాయి పడ్డప్పుడు కాదు, అప్పుడు.

అధికారి నా చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు, చిన్నపిల్లాడి చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు. తక్కినవి ఒక్కొక్కటి వెలుతురుకెత్తి చూశాడు. అంచులు రెండు చేతులతో మెల్లగా నొక్కాడు. లోపలి పట్టీలు లాగాడు. ఒక్కొక్కదాన్నీ పక్కన పడేశాడు. వెంట్రుకంత పగులు, నూలుపోగంత పగులు, పగులు లేనివాటిలో సుత్తి గుంటలు. ఇరవై తొమ్మిది పోయాయి.

"పదిహేడు ఒక్కటీ బాగుంది కదా సార్" అన్నాడు ఓనరు నీరసంగా.

"అది దెబ్బ తినేసింది. పైకి బాగున్నా మళ్లీ వాడకూడదు. ఒక దెబ్బ కాయడమే దాని పని, కాచింది." ఆయన నావైపు తిరిగాడు. "వీటితో ఒక కాగితం వస్తుంది. అదేది?"

నేను వంగి టేబులు కాలి కింది నుంచి మడత లాగాను. టేబులు ఒరిగి రిజిస్టరు జారిపడింది. ఆయన కాగితం విప్పి, మూడో వరుస మీద వేలు పెట్టి నాచేతే చదివించాడు. దేనితోనూ కొట్టరాదు, ఎండలో ఉంచరాదు అని ఉంది. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. నన్ను చూసి రాసినట్టే ఉన్నాయి.

"అది సరే" అన్నాడాయన రిజిస్టరు తీసి తిప్పుతూ. "ఈ పదిహేడును కూడా రోజూ కొట్టినట్టు రాశావే. దానిమీద ఒక్క సుత్తి గుంటా లేదు?"

అందరం మరియమ్మ వైపు చూశాం. ఆమె సంచిలోంచి ఇంకో హెల్మెట్ తీసింది. దానిమీదా పదిహేడే.

"ఈయప్ప రోజూ కొట్టింది దీన్ని సారూ. ఇది పోయినేడు పగిలిపోతే షెడ్డు ఎనక పారేసినారు. నేను ఏరుకొచ్చి, బండల పగుళ్లకు పెట్టే లప్పం పెట్టి పూడ్చి, పైన రంగేసి నంబరు రాసినా. కొత్తదాన్ని దాసుకున్నా."

అధికారి దాన్ని తిప్పి చూశాడు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా పగులు, పొడుగునా లప్పం. తర్వాత రిజిస్టరులో పదిహేడో వరుస చూశాడు. మంచిది, మంచిది, మంచిది. పేజీ పొడుగునా నా ముత్యాల్లాంటి అక్షరాలు.

మొదట ఆయనే నవ్వాడు. తర్వాత షెడ్డంతా నవ్వింది. ఖాజా భాయ్ బండ మీద కూర్చుని, తువ్వాలతో కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వాడు.

నవ్వనిది ఓనరు ఒక్కడే. "శేఖర్, పెట్టె సర్దుకో. బస్సుకు ఇంగా టైముండాది."

మళ్లీ మరియమ్మే. "పోనీ లేండి సారూ. ఈయప్ప ఇంగ జన్మలో కొట్టడు. కొత్తోన్ని తెస్తే మళ్లా మొదట్నుంచీ నేర్పాల, నాతో అయ్యేది కాదు."

ఓనరు ఆమెను చూశాడు, నన్ను చూశాడు, రెండుగా పగిలిన ఒకటో నంబరును చూశాడు. "నీ పూచీనా?" అన్నాడు. "నా పూచీనే" అంది. కొత్త హెల్మెట్లు వచ్చేదాకా రెండు రోజులు గనిలో పని ఆగింది. నేను ఆగలేదు. ఆ వదులు రాళ్లున్న అంచు దగ్గరకు ఎవరూ వెళ్లకుండా తాళ్లు కట్టించాను. ఆ కాగితాన్ని పద్యంలా బట్టీ పట్టాను.

ఆ సాయంత్రం మరియమ్మ ఇంటికి పోతుంటే వెంట నడిచాను. "నిగనిగలాడుతోందని ఎందుకన్నావు? పగిలిందని చెప్పొచ్చు కదా?"

"నాలుగుసార్లు సెప్తే ఇన్న్యావా? నీకు సెప్పే తీరు అది కాదని తెలిసిపాయె. నున్నగుండాదంటే పెట్టుకుంటావని తెలుసు." నవ్వింది. కాస్త దూరం నడిచాక తనే అంది, "నా మొగుడు ఏసోబు ఇదే గనిలో చేసేటోడు. నెత్తిన రాయి పడినప్పుడు ఉండింది తువ్వాల. ఇరవై ఏండ్లాయె. ఇంట్లోనే ఉంటాడు. నన్ను గుర్తు పడతాడు, పాట గుర్తు పడతాడు, ఇంగేమీ లేదు. నువ్వు ఆ టోపీలు కొడతాంటే నాకు పానం ఒప్పలేదప్పా."

ఆమె చేతులు పట్టుకున్నాను. రాయి మోసి మోసి గరుకెక్కిన చేతులు. ఆ చేతులతోనే ఆమె నా గడ్డం కింద పట్టీ బిగించింది. మా అమ్మ నన్ను ఒకసారి కన్నది. రెండోసారి ఆ పని ఈమె చేసింది. ఈ మాట నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా చెబుతాను.

అందుకని పాఠక మహాశయులారా, చొట్టపడి మా ఇంటి గూట్లో విశ్రాంతి తీసుకుంటున్న పదిహేడో నంబరు హెల్మెట్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ హెల్మెట్‌నూ సుత్తితో పలకరించను. పుచ్చకాయను కూడా తట్టి చూడను, లోపల తెల్లగా ఉన్నా తెచ్చి కిక్కురుమనకుండా తింటాను. మూడు వరుసల కాగితం కనిపించినా చదివాకే మడత పెడతాను. నలభై ఏళ్లు పని చేసినవాళ్లకు ఓపిక గురించి చెప్పను.

ఇప్పటికీ అదే గనిలో, అదే పనిలో ఉన్నాను. పొద్దున ఏడున్నరకు అందరి హెల్మెట్లూ చేతుల్లోకి తీసుకుని, వెలుతురుకెత్తి, అంచులు నొక్కి, పట్టీలు లాగి చూస్తాను. అందరూ ఇస్తారు. మరియమ్మ మాత్రం ఇన్నేళ్లయినా నాచేతికివ్వదు. కొత్త పదిహేడును తనే పట్టుకుని, నాలుగు పక్కలా తిప్పి చూపిస్తుంది. "దూరం నుంచే సూడప్పా" అంటుంది.

నేను చేతులు వెనక్కి కట్టుకుని, దూరం నుంచే చూసి, "మంచిది" అని రాసుకుంటాను.